లేతాకుపచ్చ ప్రొజెక్టర్

ఆ ఏడు మామిడి విరగకాసింది. ఎండా అలాగే కాసింది. రోడ్డు పక్కన కొనేవాళ్ళు లేక పళ్ళు గుట్టలుగా కుళ్ళిపోతుంటే, ఈగలు కూడా విసుగెత్తి నీడకి పోయి కూర్చునేవి. అలాంటి ఒక మధ్యాహ్నం, కబాకో సినిమా హాలు ప్రొజెక్టర్లు రెండూ మూడుచక్రాల సామాను బండెక్కి మా వాకిట్లోకి వచ్చాయి.

బోబో జులాసో ఊళ్ళో, రైలుకట్టకి ఇవతల మోపెడ్లకీ టాక్సీలకీ రంగులు వేసే షెడ్డు నాది. ముందు షెడ్డు, వెనక ఇల్లు, ఇంటి వెనక రేకుల పందిరి. ఆ పందిరి కింద మా అమ్మ సాబీన్ జొన్నలు మొలకెత్తించి పెద్ద పెద్ద కుండల్లో దోలో కాస్తుంది. పొద్దు వాలేసరికి ఆ జొన్నబీరు కోసం పేటలో సగంమంది మా బల్లల మీదే ఉంటారు. వీధివైపు గదిలో మా అన్నయ్య ఎవారిస్ట్ కుట్టుమిషను. నాన్న పోయాక మేం ముగ్గురమే.

కబాకో హాలు మూతబడి చాలాకాలమైంది. దాన్ని సిమెంటు గోడౌనుగా మారుస్తున్నారని విన్నాం. మదాం ఇల్బూదో అని రాజధానిలో హోటలు కడుతున్న ఆవిడ ఈ రెండు ప్రొజెక్టర్లనీ కొని, నాకు ఫోన్ చేసింది.

"నీ చేతిరంగు బాగుంటుందని విన్నాను పెలాజీ. రెండిటికీ బంగారు రంగు వెయ్యి. తలుపుకి అటొకటి ఇటొకటి నిలబెడతాను. మెరిసిపోవాలి, తెలిసిందా?"

సరేనన్నాను. బంగారు రంగు వేయడం పెద్ద పనేం కాదు.

బండి వెనకే ఒక పొడవాటి మనిషి నడిచి వచ్చాడు. తెల్లటి పాత జుబ్బా, తలమీద మడత నలగని టోపీ. శవం వెనక నడిచేవాళ్ళ నడక అది. యంత్రాలు దింపేదాకా పక్కనే నిలబడ్డాడు. దించాక, రెండో దాని పీఠం వంకరగా ఉంటే వంగి సరిచేసి, షెడ్డులో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"నువ్వెవరు బాబాయ్?"

"హమ్మాదు సిదిబే. వీటి ఆపరేటర్‌ని. నా పెళ్ళికి ముందునించీ వీటితోనే ఉన్నాను. నువ్వు పని చేసుకో తల్లీ, నేను అడ్డం రాను. ఇవి వెళ్ళిపోయేదాకా చూసుకుంటా కూర్చుంటాను."

సిదిబే అన్న ఫులానీ ఇంటిపేరు వినగానే పెరట్లోంచి అమ్మ గొంతు లేచింది.

"పెలాజీ! వాకిట్లో ఫులానీ ఎవడో వచ్చినట్టున్నాడు. మేకలు లెక్కపెట్టుకో!"

ఆయన మొహం మొట్టమొదటిసారి వెలిగింది.

"ఎవరా అరిచేది? మా తాత కొన్న పాలేరు కూతురిలా ఉందే! పట్టపగలే తాగేసిందా?"

"నీలాగ పాలు తాగి పడుకోలేదయ్యా, పని చేసుకుంటున్నాను!"

మా బోబో తెగకీ, పశువులు కాచుకునే ఫులానీలకీ తాతముత్తాతల నాటి వేళాకోళపు వరస ఉంది. ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. అసలు తిట్టుకోకపోతేనే తప్పు. బస్సులో, పోలీసు స్టేషన్లో, చావింట్లో కూడా వదలరు. కాబట్టి ఆ రోజు ఇద్దరి అరుపుల్నీ నేను పట్టించుకోలేదు.

మర్నాడు పాత రంగు గీకడం మొదలుపెట్టాను. పైన నీలం, ఇంటి తలుపులకి వేసే రకం, కుంచెతో పూసేసి ఉంది. దాని కింద బూడిద రంగు. ఎమ్రీ పేపరు పట్టి, తడిపి, మెల్లగా రుద్దుతుంటే బూడిద రంగు కింద ఇంకేదో కనిపించింది. లేతాకుపచ్చ. వాన పడ్డ మొదటి వారంలో జొన్నమొలక రంగు. ఆ ఆకుపచ్చ అంచున, యంత్రం పక్క తలుపు చుట్టూ, వెంట్రుక మందాన ఎర్ర గీత.

నేను ఎమ్రీ పేపరు కింద పెట్టేశాను.

అప్పటిదాకా దాన్ని సరిగ్గా చూడనే లేదు. ఆ రోజు చుట్టూ తిరిగి చూశాను. ఎన్ని బళ్ళు విప్పానో, ఎన్ని సొట్టలు సాగగొట్టానో, అలాంటి పని ఎక్కడా చూడలేదు. ఎక్కడా పదును మూల లేదు. ప్రతి అంచూ నీళ్ళలో దొర్లిన రాయిలాగ గుండ్రంగా తిరిగింది. పైనా కిందా రీళ్ళు పెట్టే డబ్బాలు, మూతకి చిన్న గాజు కన్ను. వెనక దీపం పెట్టె, పడవ ముందుభాగంలాగ వాలుగా ఉంది. దాని పక్కన వేడి పోవడానికి కోసిన సన్నటి చీలికలు కూడా ఊరికే కోయలేదు, పెద్దదాని కింద చిన్నది, చిన్నదాని కింద ఇంకా చిన్నది, చేప మొప్పల్లాగ. తలుపు నెడితే చప్పుడు లేకుండా మూసుకుని, చివర్లో మాత్రం ముద్దు పెట్టినట్టు చిన్న శబ్దం చేసింది.

"బాబాయ్, ఇదెక్కడో మేడమీద ఆపరేటర్ గదిలో ఉంటుంది కదా. జనం అంతా తెర చూస్తారు. దీన్నెవరూ చూడరు. మరెందుకింత అందంగా చేశారు?"

ఆయన ఆ ప్రశ్నకి కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు.

"నేను చూసేవాణ్ణి కదా," అన్నాడు.

యంత్రం దగ్గరికి వచ్చి మళ్ళీ తనే చెప్పాడు. "ఇటలీలో చేశారట వీటిని. చేసినవాడెవడో నాకు తెలీదు. కానీ ఈ తిప్పే చక్రం ఉంది చూడు, దీని అంచున బొటనవేలు ఆనేచోట గుంట తీశాడు. చెమట చేత్తో పట్టుకున్నా జారదు. చీకట్లో, వేడిలో ఒకడు నిలబడి ఉంటాడని వాడికి తెలుసు. ఆ ఒకడికోసం చేశాడు. నీలం రంగు మా యజమాని వేయించాడు. వద్దని చెప్పాను, వినలేదు."

ఆ సాయంత్రం మదాంకి ఫోన్ చేశాను. బంగారు రంగు వేసేముందు ఒక్కసారి వచ్చి చూడమన్నాను. "దేనికి?" అంది. ఎలా చెప్పాలో తెలియక, "దీనికి తన సొంత రంగు ఉందండీ," అన్నాను. నవ్వి, పనిమీద ఎటూ రావాలి, వాన పడేలోపు వస్తానంది. అప్పటిదాకా ఒకదాన్ని నాకిష్టమైనట్టు చెయ్యి, నచ్చకపోతే దానిమీద బంగారం వేద్దువుగాని అంది.

ఇక రోజూ అదే పని. హమ్మాదు పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. అమ్మ ఏదో వంకతో షెడ్డులోకి వచ్చేది. మొదట అగ్గిపెట్టె కోసం, తర్వాత చీపురు కోసం, ఆ తర్వాత వంక కూడా లేకుండా.

"మా పెళ్ళికి ముందు నేను కబాకో గేటు దగ్గర వేరుశనగలు అమ్మేదాన్ని," అంది ఒకరోజు యంత్రం చుట్టూ తిరుగుతూ. "లోపలికెళ్తే నెత్తిమీదనించి వెలుగు పోతుండేది, పొగలాగ. వెనక్కి తిరిగి చూస్తే చిన్న కంత. ఆ కంతలో ఎవడో దొరబాబు కూర్చున్నాడనుకునేదాన్ని."

"నేనే కూర్చున్నాను."

"అదే, ఎండిపోయిన ఫులానీ అని తెలిస్తే తిరిగి చూసేదాన్నే కాదు."

"వేరుశనగలు అమ్మింది నువ్వేనా? సగం పుచ్చులే ఉండేవి."

"పుచ్చువి ఏరి మీ ఫులానీలకోసమే అట్టేపెట్టేదాన్ని!"

దీపం పెట్టెకి పక్కన నల్లగాజు కిటికీ ఒకటుంది, అగ్గిపెట్టంత. దీపం కోసం కార్బన్ పుల్లలు మండేటప్పుడు కళ్ళు పోకుండా లోపల మంట చూసుకోవడానికి. హమ్మాదు జుబ్బా అంచుతో దాన్ని తుడిచి, అమ్మకి చూపించాడు. అమ్మ వంగి చాలాసేపు అందులోకే చూసింది. లోపల దీపం లేదు, ఏమీ లేదు.

"ఏం కనిపించిందమ్మా?" అన్నాను.

"ఏమీ లేదు. చల్లగా ఉంది," అని వెళ్ళిపోయింది.

దోలో కాయడంలో ఒక దశ ఉంది. జొన్నమొలకల నీరు బాగా మరిగి చల్లారాక, ఇంకా పులియబెట్టే మడ్డి కలపకముందు, అది ఒట్టి తీపి నీరు. మత్తుండదు. చిన్నపిల్లలు తాగుతారు. ఒకరోజు అమ్మ ఆ తీపి నీరు సొరబుర్ర చిప్పలో తీసి, మీద ఆకు మూసి, షెడ్డులోకి తెచ్చి స్టూలు పక్కన పెట్టింది. హమ్మాదు నమాజు చేసుకునే మనిషి, దోలో ముట్టడు. ఆకు తీసి, వాసన చూసి, అమ్మ మొహంలోకి చూశాడు.

"మడ్డి కలపలేదు," అంది అమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో వేళాకోళం లేదు. నా చేతిలో స్ప్రే గన్ ఉన్నా, ఎటువైపు కొడుతున్నానో నాకే తెలియలేదు.

అప్పటినించీ రోజూ చిప్ప వచ్చేది. తర్వాత దానితో పాటు సంకటి, గోంగూర పులుసు. ఆయన కూడా ఊరికే తినలేదు. పందిరి రేకు బిగించాడు, కుండల కింద పొయ్యిరాళ్ళు సరిచేశాడు, చేద తాడు మార్చాడు. పెరట్లో తాగేవాళ్ళు చూడకుండా ఉంటారా? "సాబీన్ పాల వ్యాపారం మొదలెట్టిందా ఏంటి?" అని ఒకడు, "ఆవులెక్కడ కడతావు?" అని ఇంకొకడు.

ఆ మాటలు ఎవారిస్ట్ చెవిన పడ్డాయి. వాడు మంచివాడే, కానీ నాన్న పోయాక ఇల్లు మోసేది తనే అనుకుని భుజాలు బిగించుకుని తిరుగుతుంటాడు. ఒక మధ్యాహ్నం షెడ్డులోకి వచ్చాడు.

"ఓయ్ పాలేరూ!" అన్నాడు హమ్మాదు, ఎప్పటిలాగే. "నా చొక్కా గుండీ ఊడింది, కుట్టిపెట్టు. కూలి అడిగితే కొరడా."

ఎవారిస్ట్ నవ్వలేదు. రెండు చేతులూ ముందు కట్టుకున్నాడు.

"నమస్కారమండీ. తమరు పెద్దవారు. రోజూ ఎండలో ఇంతదూరం రావడం కష్టంగా ఉంటుంది. పని అయ్యాక చెల్లి కబురు చేస్తుంది లెండి."

హమ్మాదు లేచాడు. చిప్పలో మిగిలిన తీపి నీరు పూర్తిగా తాగి, చిప్ప బోర్లించి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఏమన్నానని? మర్యాదగానే చెప్పానుగా," అన్నాడు ఎవారిస్ట్ నా చూపు చూసి.

"అదే చేశావు."

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. తీపి నీరు మొత్తం కుండలోనే వదిలేసి మడ్డి కలిపేసింది. పెరట్లో ఎవరైనా వేళాకోళమాడితే తలొంచుకుని పోసి వెళ్ళిపోయేది. మా అమ్మ మాటకి మాట అనకుండా ఉండటం నాన్న పోయిన ఏడు తప్ప నేనెప్పుడూ చూడలేదు.

ఈలోగా నా పని ఒక రూపానికి వచ్చింది. ఆ లేతాకుపచ్చ కలపడానికి నానా తంటాలు పడ్డాను. తెలుపు ఎక్కువైతే పాలిపోయేది, పసుపు ఎక్కువైతే కక్కినట్టుండేది. చివరికి కుదిరింది. ఎర్ర గీత మాత్రం గన్‌తో కాదు, సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి లాగాను. ఆరాక చూస్తే, యంత్రం అప్పుడే స్నానం చేసి వచ్చిన మనిషిలా ఉంది. చూపించడానికి మనిషి లేడు.

మోపెడ్ తీసి, రైలుకట్ట దాటి ఆయన ఇంటికెళ్ళాను. ఒంటరి గది. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు ఐవరీ కోస్టులో తోటల్లో పని చేస్తున్నారు. గుమ్మంలో చాప మీద కూర్చుని ఉన్నాడు.

"మీ అన్న నన్ను తిట్టి ఉంటే బావుండేది తల్లీ," అన్నాడు. "గాడిదా అన్నా, పశువుల దొంగా అన్నా మర్నాడు వచ్చేవాణ్ణి. తమరు అన్నాడు."

"రంగు అయిపోయింది బాబాయ్. దీపం వెనక అద్దం బిగించడం నాకు రావట్లేదు. దీపం పెట్టి చూస్తే గానీ కుదిరిందో లేదో తెలీదు. నువ్వు రావాలి."

అద్దం బిగించడం నిజంగానే నాకు రాలేదు. అది చెప్పి మంచి పని చేశాను. యంత్రం అనేసరికి లేచి చెప్పులు వేసుకున్నాడు.

కార్బన్ పుల్లలు దొరికే కాలం కాదు. టాక్సీ హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చి, బ్యాటరీకి కలిపాను. ఆయన దీపం పెట్టె తెరిచి, వెనక గుంటఅద్దాన్ని బట్టతో తుడిచి, బల్బుని ముందుకీ వెనక్కీ జరిపి, వేలితో కొలిచి, మళ్ళీ జరిపాడు. పొద్దు వాలింది. షెడ్డు తలుపులోంచి పెరటి గోడ కనిపిస్తుంది, ఈస్టర్‌కి సున్నం కొట్టిన గోడ. బల్లల మీద అప్పుడే జనం చేరుతున్నారు. ఎవారిస్ట్ తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికీ రాలేదు, వెళ్ళనూ లేదు.

స్విచ్ వేశాను. గోడ మీద వెలుగు పడింది, మసకమసకగా, అంచులు కరిగిపోయి. హమ్మాదు రెండు వేళ్ళతో లెన్సు తిప్పాడు. అంచులు మెల్లగా పదునెక్కి, గోడ మీద నిఖార్సయిన తెల్లటి చదరం నిలబడింది. రీలు లేదు, బొమ్మ లేదు. ఒట్టి వెలుగు. అయినా తాగేవాళ్ళంతా చిప్పలు పట్టుకుని అటే తిరిగారు.

సరిగ్గా అప్పుడు అమ్మ పందిరి కిందనించి కుండ నెత్తిన పెట్టుకుని, గోడ పక్కగా వస్తోంది. వెలుగులోకి వచ్చి ఆగిపోయింది. కళ్ళు చిట్లించి, ఎటునించి వస్తోందా అని ఇటు చూసింది. ఇటువైపు ఆమెకి ఏమీ కనిపించదు, తెల్లటి కంత తప్ప.

"ఎవరక్కడ?" అంది.

"ఎండిపోయిన ఫులానీ," అన్నాడు హమ్మాదు. పెద్దగా అనలేదు. కానీ పెరడంతా విన్నది.

అమ్మ పక్కకి తప్పుకోలేదు. కుండ దించి చంకన పెట్టుకుంది. రెండో చేత్తో తలగుడ్డ సర్దుకుని, ఆ వెలుగులో నిలబడిపోయింది. ఆమె మొహంలో ముడతలు పోలేదు, జుట్టు నల్లబడలేదు. కానీ వేరుశనగల గంప పట్టుకుని వెనక్కి తిరిగి చూసిన పిల్ల ఎలా ఉండేదో నాకు తెలిసింది. హమ్మాదు చెయ్యి లెన్సు మీదే ఉంది. తిప్పడానికి ఏమీ లేకపోయినా తీయలేదు.

నేను అన్నయ్య వైపు చూశాను. వాడు గోడవైపు చూస్తున్నాడు. కాసేపటికి లోపలికెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.

మదాం ఇల్బూదో అన్నట్టుగానే వచ్చింది. ఆకుపచ్చ యంత్రం చుట్టూ తిరిగింది, తలుపు తెరిచింది, మూసింది, ఆ చిన్న శబ్దం విని మళ్ళీ తెరిచి మూసింది.

"ప్లాను మార్చమంటే నా ఇంజినీరు ఏడుస్తాడు," అంది. "తలుపు దగ్గర చీకట్లో ఇది కనిపించదు. దీనికి పైన దీపం ఒకటి పెట్టాలి, లోపల హాల్లో." ఎర్ర గీత మీద వేలు పెట్టి చూసింది. "దీన్ని ఇలాగే ఉంచు. రెండోది మాత్రం బంగారం వెయ్యి పెలాజీ. నాకు బంగారం ఇష్టం, ఏం చేయను!"

వేశాను. నిజం చెప్పాలంటే అదీ అసహ్యంగా ఏం లేదు. ఒళ్ళంతా నగలు దిగేసుకుని పెళ్ళికొచ్చిన పెత్తల్లిలా ఉంది. హమ్మాదు దాన్ని చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "వీడు ఎప్పుడూ ఇంతే. రీళ్ళు తెంపేదీ వీడే," అన్నాడు. ఆ రోజు దాకా ఆయనకి ఒకటి నెమ్మదస్తుడనీ ఇంకొకటి పొగరుబోతనీ మాకు తెలియదు.

ఆ నవ్వు నవ్వుతుండగానే ఎవారిస్ట్ షెడ్డులోకి వచ్చాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. నేను గన్ ఆపేశాను.

"లే," అన్నాడు హమ్మాదుతో.

ఆయన లేచాడు.

"చేతులు చాపు."

చాపాడు. ఎవారిస్ట్ భుజం నించి మణికట్టు దాకా టేపు లాగి, చూసి, మళ్ళీ లాగాడు.

"ఇంత పొడుగు చేతులేంట్రా నీకు? కంచె ఇవతల నిలబడే అవతలి ఆవు తాడు విప్పడానికా? రెండు జుబ్బాల గుడ్డ తినేస్తావు నువ్వు! మా ఇంటి పాలేరు పెళ్ళికి నా చేతి గుడ్డ దండగ."

హమ్మాదు చేతులు అలా చాపే ఉంచాడు.

"నడుం దగ్గర వదులుగా కుట్టరా తాగుబోతూ," అన్నాడు. "మీ అమ్మ సంకటి ఇంకా చాలా తినాలి."

మొదటి వాన పడ్డ వారంలో యంత్రాలు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఆ తర్వాతి శనివారం పెళ్ళి. చర్చిలో కాదు, మసీదులోనూ కాదు, టౌన్‌హాల్లో సంతకాలు పెట్టారు. అమ్మ నీలం గుడ్డ, ఆయన నీలం జుబ్బా, ఒకే తాను. దోలో కాయడం మాననని అమ్మ ముందే చెప్పింది. మానమని అడగలేదని ఆయన అన్నాడు. అమ్మ రైలుకట్ట అవతల ఆయన ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఇక్కడికి వచ్చి కుండలు చూసుకునేలా అనుకున్నారు. సాయంత్రం ఆయన మోపెడ్ వెనక కూర్చుని, ఒక మూట ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. ఎవరూ ఏడవలేదు. ఎవారిస్ట్ అయితే, "ఫులానీ, మా దాన్ని జాగ్రత్తగా దించు, గుంటలు చూసి నడుపు," అని వీధి చివరిదాకా అరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు నేను లేచేసరికి పెరడు తడిగా ఉంది. పొయ్యి చల్లగా ఉంది. ఎవారిస్ట్ గుమ్మంలో కూర్చుని మామిడిపండు చీకుతున్నాడు. "పొద్దున్న ఏం తింటాం మనం?" అన్నాడు. నాకూ తెలియలేదు. ఒక పండు తీసుకుని పక్కన కూర్చున్నాను.

ఎండ కొంచెం ఎక్కాక వాకిట్లో మోపెడ్ ఆగింది. అమ్మ దిగి, లోపలికి వచ్చి, పందిరి దాకా పోకుండా బల్ల చివర కూర్చుంది. దారి దుమ్ము కాళ్ళ మీద ఉంది. మాలో బయటినించి వచ్చినవాళ్ళకి ముందు నీళ్ళివ్వాలి, ఆ తర్వాతే మాటలు. చేతులు వాటంతటవే పని చేశాయి. బాన దగ్గరికెళ్ళి, సొరబుర్ర కడిగి, నీళ్ళు ముంచి, రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చాను.

అమ్మ కూడా రెండు చేతులతో అందుకుంది. ఒక గుక్క తాగింది. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూసింది, నేను ఆమె మొహంలోకి చూశాను. ఆ నీళ్ళు ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చేవని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"ఇంట్లో అంతా కులాసాయేనా?" అన్నాను, అడగవలసినట్టే.

"కులాసాయే," అంది అమ్మ. మిగిలిన నీళ్ళు చివరి చుక్క దాకా తాగింది.